టెక్ సందేహాలు: సైన్ చేసే ఇంట్లో మైకు ఆపితే సరిపోదు

బధిర తల్లిదండ్రుల నుంచి కొంతకాలంగా ఉత్తరాలు ఎక్కువగా వస్తున్నాయి. పరికరాలు వేరు, యాప్‌లు వేరు, ఫిర్యాదు మాత్రం ఒకటే. ఇంట్లో మాటలన్నీ చేతులతోనే, అంటే సైన్ (సంజ్ఞా భాష)లోనే, నడిచే కుటుంబాలు ఉంటాయన్న ఆలోచన ఈ వస్తువులు తయారుచేసేవాళ్లకు తట్టడం లేదు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం వాళ్ల ప్రశ్నలకే.

ప్రశ్న: నేనూ మా ఆవిడా ఇద్దరం బధిరులం. మా పాపకు 8 నెలలు, తనకూ వినపడదు. రాత్రి ఏడిస్తే తెలియాలని గదిలో వైఫై కెమెరా పెట్టాం. అది ఏడుపు పసిగట్టి ఫోన్‌ను వైబ్రేట్ చేస్తుంది. ప్రైవసీ కోసం రికార్డింగ్‌లో ఆడియో ఆపేశాం. ఇక భయం లేదు కదా?

జవాబు: ఉందండీ. మీరు ఆపింది మీ ఇంట్లో ఎవరూ మాట్లాడటానికి వాడని దారిని. మాట్లాడే దారి తెరిచే ఉంది.

ఒకసారి ఆ కెమెరా చూపు ఎక్కడిదాకా వెళ్తుందో యాప్‌లో చూడండి. సాధారణంగా ఉయ్యాలతో పాటు మంచం, తలుపు, సగం గది కనిపిస్తాయి. రాత్రి పాప నిద్రపోయాక మీరిద్దరూ మంచం అంచున కూర్చుని అప్పు గురించో, డాక్టర్ చెప్పిన విషయం గురించో మాట్లాడుకుంటారు. వినికిడి ఉన్నవాళ్ల ఇంట్లో అదే కెమెరా, ఆడియో ఆపి ఉంటే, మాటలు లేని బొమ్మను మాత్రమే రికార్డు చేస్తుంది. మీ ఇంట్లో మొత్తం సంభాషణను రికార్డు చేసి కంపెనీ సర్వర్‌కు పంపుతుంది. మీ భాష వచ్చినవాళ్లెవరి చేతిలో ఆ క్లిప్ పడినా ప్రతి మాటా తెలిసిపోతుంది. గదికి ఆ చివర ఉన్న మీ ఆవిడకు మీరు బ్యాంకు పిన్ వేళ్లతో ఒక్కో అంకె చూపించారనుకోండి, అది కూడా అందులో ఉంటుంది.

నన్ను అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టే సంగతి ఇదే. ప్రైవసీ అనగానే ఈ పరికరాల తయారీదారులు మైకు గురించే ఆలోచిస్తారు. మైకు ఆపితే కొన్నిటిలో ఎర్ర లైటు వెలుగుతుంది, కొన్నిటికి ప్రత్యేకంగా మీట కూడా ఉంటుంది. లెన్స్ మీద చేత్తో జరిపే మూత మాత్రం చాలా కెమెరాలకు ఉండదు. సైన్ చేసే ఇంటికి ముందు కావలసింది ఆ మూత.

ఇది ఊరికే భయపెట్టడానికి చెప్పడం లేదు. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ (పరికరాల్లోకి చొరబడే హానికర సాఫ్ట్‌వేర్) ప్రపంచమంతా లక్షల కొద్దీ కెమెరాలను, రౌటర్లను లొంగదీసుకుంది. అందుకు పెద్ద విద్యేమీ అవసరం కాలేదు. ఫ్యాక్టరీలో పెట్టిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌లను కొనుక్కున్నవాళ్లు మార్చలేదు, అంతే. అన్ని పరికరాలకూ ఒకే పాస్‌వర్డ్ పెట్టి అమ్మడాన్ని బ్రిటన్ 2024 ఏప్రిల్ నుంచి చట్టంతో ఆపింది. అంతకుముందు కొన్న పాత కెమెరాలు మాత్రం ఇంకా ఇళ్లలో పనిచేస్తూనే ఉన్నాయి. చుట్టాలో స్నేహితులో వాడి ఇచ్చిన కెమెరా అయితే ముందు రీసెట్ చేయండి. పాత యజమాని ఖాతా దానికింకా జతపడి ఉండవచ్చు.

ఇప్పుడు చేయాల్సింది. కెమెరాను ఉయ్యాలకు దగ్గరగా, పైనుంచి కిందికి చూసేలా బిగించండి. మంచం కనిపించకూడదు. యాప్‌లో కొంత భాగాన్ని నల్లగా కప్పేసే సదుపాయం ఉంటే మిగతా గదిని కప్పేయండి. క్లౌడ్ రికార్డింగ్ ఆపి, మెమరీ కార్డుకు పరిమితం చేయండి. ఖాతాకు వేరే పాస్‌వర్డ్, రెండంచెల ధ్రువీకరణ పెట్టండి. ఎవరెవరికి షేర్ చేశారో ఆ జాబితా తెరిచి, అవసరం లేనివాళ్లను తీసేయండి.

అసలు ఏడుపు తెలియడానికి కెమెరా అవసరమే లేదు. ఉయ్యాల దగ్గర చిన్న సౌండ్ సెన్సర్, మీ దిండు కింద వైబ్రేటర్, గదిలో మెరిసే లైటు. ఇంటర్నెట్ అక్కర్లేని ఇలాంటి సెట్లు చాలాకాలంగా ఉన్నాయి. నా ఓటు వాటికే. ఫోన్‌లో ఉండే ‘శబ్దాలను గుర్తించే’ ఫీచర్ పగలు సాయానికి బాగుంటుంది. కానీ అత్యవసర పరిస్థితుల్లో దాని మీదే ఆధారపడవద్దని తయారుచేసినవాళ్లే సెట్టింగ్స్‌లో రాశారు. పొగ అలారం విషయంలో దాన్ని అస్సలు నమ్మకండి. ఫోన్ చార్జింగ్ అయిపోతే మిమ్మల్ని లేపేవాళ్లు ఉండరు. గట్టిగా మెరిసే స్ట్రోబ్ లైటు, మంచాన్ని కదిపే ప్యాడ్ ఉన్న అలారం విడిగా ఉండాల్సిందే.

ప్రశ్న: బాబు బడి యాప్‌లోకి వెళ్లాలంటే కోడ్‌ను ఫోన్ కాల్ చేసి చెబుతోంది. నాకు వినపడదు. ప్రతిసారీ పక్కింటివాళ్లకు ఫోన్ ఇచ్చి వినమంటున్నాను. పర్వాలేదా?

జవాబు: పర్వాలేదని అనలేను. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దని రోజూ సందేశాలు పంపుతూ, వినపడని మనిషికి దాన్ని గొంతుతో చదివి వినిపించే వ్యవస్థ కట్టడం ఘోరమైన నిర్లక్ష్యం. మీరు తప్పనిసరై రహస్యాన్ని ఇంకొకరి చెవిలో వేస్తున్నారు. పక్కింటివాళ్లు మంచివాళ్లే కావచ్చు. కానీ ఫోన్ ఇంకొకరికి ఇచ్చే అలవాటు రేపు బ్యాంకు కాల్ దాకా వెళ్తుంది. సెట్టింగ్స్‌లో పాస్‌కీ (కోడ్ అక్కర్లేకుండా ఫోన్ లాక్‌తోనే లోపలికి వెళ్లే పద్ధతి) గానీ, కోడ్‌లు ఇచ్చే ఆథెంటికేటర్ యాప్ గానీ ఉందేమో చూడండి. ఉంటే వెంటనే దానికి మారండి. లేకపోతే కోడ్ ఈమెయిల్‌కు రావాలని బడికి రాతపూర్వకంగా అడగండి. ఇది దయతో చేసే సాయం కాదు, వాళ్లు ఇవ్వాల్సినదే.

ప్రశ్న: మా అమ్మానాన్నలు కూడా బధిరులే. వాళ్లు మా మూడేళ్ల పాపతో వీడియో కాల్‌లో మాట్లాడుతుంటే చేతులు మసకబారుతున్నాయి, ఒక్కోసారి మాయమవుతున్నాయి. పాప విసుగొచ్చి వెళ్లిపోతోంది. నెట్ వేగం బాగానే ఉంది.

జవాబు: ముందు వెనక దృశ్యాన్ని మసకచేసే ఆప్షన్ ఆపండి. ముఖం, భుజాలే మనిషి అని ఆ సాఫ్ట్‌వేర్ అనుకుంటుంది. పక్కకు చాచిన చేతిని గోడలో కలిపేస్తుంది. వర్చువల్ బ్యాక్‌గ్రౌండ్ కూడా అంతే.

రెండోది ఫ్రేముల సంఖ్య, అంటే వీడియోలో సెకనుకు ఎన్ని బొమ్మలు వస్తాయన్నది. సెకనుకు 25 నుంచి 30 ఫ్రేములు వస్తే సైన్ హాయిగా అర్థమవుతుంది. 10, 12కు పడిపోతే వేళ్లతో అక్షరాలు చూపేచోట సగం ఎగిరిపోతాయి. సైన్‌లో జరిగే వీడియో సంభాషణకు ఏం కావాలో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 1999లోనే ప్రత్యేకంగా ఒక పత్రం వెలువరించింది. అయినా నెట్ కాస్త నెమ్మదించగానే చాలా యాప్‌లు గొంతును కాపాడి బొమ్మను వదిలేస్తాయి. మీకు కావలసింది సరిగ్గా దానికి వ్యతిరేకం, ఆ ఆప్షన్ మాత్రం చాలా యాప్‌లలో కనిపించదు. అది వచ్చేదాకా రిజల్యూషన్ మీరే తగ్గించండి. బొమ్మ కాస్త మొద్దుగా ఉన్నా కదలిక సాఫీగా ఉంటే చాలు. వెలుతురు ఎదురుగా పడాలి. గదిలో చీకటి ఉంటే కెమెరా తనంతట తానే ఫ్రేములు తగ్గించేస్తుంది. నలుగురు కలిసే కాల్‌లో గొంతు వినిపించినవాళ్లనే చాలా యాప్‌లు పెద్దగా చూపిస్తాయి కాబట్టి సైన్ చేస్తున్నవాళ్లను మీరే పిన్ చేసుకోండి, అంటే తెర మీద పెద్దగా నిలిపి ఉంచుకోండి.

ప్రశ్న: పిల్లల ఎదుగుదల నమోదు చేసే యాప్‌లో మా బాబుకు ‘భాషలో ఆలస్యం’ అని ఎర్ర గుర్తు వచ్చింది. వాడికి 14 నెలలు. ‘పాలు’, ‘ఇంకా’, ‘లైటు’ అని చక్కగా సైన్ చేస్తాడు. సైన్ చేసే వీడియోలు అప్‌లోడ్ చేస్తే వాళ్ల ఏఐ నేర్చుకుంటుందని ఇప్పుడు అడుగుతున్నారు. పంపమంటారా?

జవాబు: ముందు ఆ ఎర్ర గుర్తును మనసులోంచి తీసేయండి. మీరు చెప్పినదాన్ని బట్టి ఆ సైన్‌లు మూడూ మూడు మాటలు. యాప్ అడిగిన ప్రశ్నలేమిటి? పిలిస్తే తిరుగుతాడా, శబ్దాలు చేస్తాడా, నోటితో మాట అంటాడా. పుట్టినప్పటి నుంచి సైన్ చూసే పిల్లలు, వినే పిల్లలు ‘బబబ’ అన్నట్టే చేతులతో ముద్దుమాటలు ఆడతారని పరిశోధకులు లారా ఆన్ పెటిట్టో, పౌలా మారెంటెట్ 1991లో ‘సైన్స్’ పత్రికలో చూపించారు. ఇన్నేళ్లయినా ప్రశ్నావళిలో ‘చేతులతో’ అన్న ఒక్క గడి చేర్చలేదు.

బధిర పిల్లల్లో ఎక్కువమంది వినికిడి ఉన్న ఇళ్లలో పుడతారు. వాళ్లలో చాలామంది ఏ భాషా సరిగ్గా అందకుండానే మొదటి ఏళ్లు గడిపేస్తారు. మీ బాబుకు ఆ లోటు లేదు. ఇంట్లో పొద్దున్నుంచి రాత్రిదాకా నిండైన భాష వాడి కళ్లముందే ఉంది. అలాంటి ఇంటికి ఎర్ర గుర్తు పంపడం నాకు కోపం తెప్పిస్తోంది. బధిర విద్య మీద 1880లో మిలాన్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశం బడుల్లో సైన్ కంటే నోటిమాటే మేలని తీర్మానించింది. ఆ సమావేశాల పరంపరలోనే 2010లో వాంకూవర్‌లో ఆ తీర్మానాలను తిరస్కరించి విచారం తెలిపారు. యాప్‌లు రాసేవాళ్లకు ఆ సంగతి ఇంకా చేరలేదు. డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు యాప్ రిపోర్టు కాకుండా, మీరు రాసుకున్న సైన్‌ల జాబితా తీసుకెళ్లండి. ఏ తేదీన ఏది మొదటిసారి చేశాడో రాస్తే ఇంకా మంచిది.

ఇక వీడియోలు. పంపవద్దు. గొంతు రికార్డింగ్‌లో పేరు తీసేసి కొంతైనా దాచవచ్చు. సైన్ వీడియోలో అది కుదరదు. కనుబొమలు, కళ్లు, నోరు కూడా వ్యాకరణంలో భాగమే. ముఖం చెరిపితే భాష పోతుంది, ఉంచితే పిల్లవాడు ఎవరో తెలిసిపోతుంది. పైగా ఆ వీడియోల్లో వెనక మీ ఇల్లు ఉంటుంది, మీరిద్దరూ మాట్లాడుకునే మాటలు ఉంటాయి. ఆ మాటల్ని తీసుకోవడానికి మీ అనుమతి అడిగారా? వీడియోలు ఎక్కడ దాస్తారు, ఎన్నాళ్లు ఉంచుతారు, అడిగితే చెరిపేస్తారా, ఆ బృందంలో బధిరులు ఎవరైనా జీతానికి పనిచేస్తున్నారా అని రాసి అడగండి. వీటికి రాతపూర్వకంగా జవాబు రాకపోతే యాప్‌లో ఖాతా తొలగించి, ఇప్పటికే ఎక్కించినవి ఉంటే వాటినీ చెరిపేయమని విడిగా మెయిల్ పెట్టండి. ఫోన్‌లోంచి యాప్ తీసేసినంత మాత్రాన సర్వర్‌లో ఉన్నవి పోవు.