టెక్ సందేహాలు: మ్యాప్‌లో చుక్క కదలకపోతే కారు ఎటు వెళ్లాలి?

ప్రశ్న: గుంటూరు నుంచి నరసరావుపేట, వినుకొండ, దోర్నాల మీదుగా శ్రీశైలానికి నాలుగు రోజుల్లో పరిగెత్తాలనుకుంటున్నాను. నీళ్లు, తిండి అందించడానికి తమ్ముడు, బావ కారులో వస్తారు. మొన్న ట్రయల్‌గా విజయవాడ బయల్దేరితే వాట్సాప్ లైవ్ లొకేషన్ మధ్యలో ఆగిపోయింది. నేను తాడేపల్లి చేరాను, వాళ్లేమో మంగళగిరిలో నాకోసం చూస్తున్నారు. ఏ యాప్ వాడాలి?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: యాప్ ఒక్కటే మారిస్తే సరిపోదు. వాట్సాప్ లైవ్ లొకేషన్ గరిష్ఠంగా 8 గంటలే. తెల్లవారుజామున 4కి మొదలుపెడితే ఎండ నడినెత్తికొచ్చే 12కి ఆగిపోతుంది. మీ ట్రయల్ అంతసేపు సాగి ఉండదు కాబట్టి అక్కడ అనుమానించాల్సింది ఫోన్‌లోని బ్యాటరీ సేవర్‌ని. స్క్రీన్ ఆరిన కాసేపటికి వెనక నడిచే యాప్‌లను అది నిద్రపుచ్చేస్తుంది. సెట్టింగ్స్‌లో యాప్స్‌కి వెళ్లి, ఆ యాప్ బ్యాటరీ వాడకాన్ని ‘అన్‌రిస్ట్రిక్టెడ్’ చేయండి. లొకేషన్ అనుమతి ‘ఎల్లప్పుడూ’ అని ఉండాలి. బ్యాటరీ సేవర్‌ని పూర్తిగా ఆపేయండి.

రోజంతా నడవాలంటే గూగుల్ మ్యాప్స్ నయం. ప్రొఫైల్ బొమ్మ నొక్కి, లొకేషన్ షేరింగ్‌లో ‘నేను ఆపేదాకా’ ఎంచుకుంటే గడువు గొడవ ఉండదు. మీ ఫోన్‌లో ఛార్జింగ్ ఎంత మిగిలిందో కూడా తమ్ముడికి కనిపిస్తుంది. అయితే అతను చూడాల్సింది చుక్కను కాదు, దాని పక్కనుండే ‘ఎన్ని నిమిషాల క్రితం’ అన్న అంకెను. అది 20 దాటితే, చుక్క చూపించే చోట మీరు లేనట్టే.

దోర్నాల దాటి నల్లమలలోకి వెళ్లాక సిగ్నల్ చాలాచోట్ల ఉండదు. అక్కడ పనికొచ్చేది గడియారమే. కారు మీ వెనకాల పాకుతూ రాకూడదు. 5 కిలోమీటర్లు ముందుకెళ్లి, రోడ్డు దిగి ఆగాలి. మీరు కిలోమీటరుకు 8 నిమిషాల చొప్పున వస్తే 40 నిమిషాలు. దానికి ఇంకో 15 కలపండి. 55వ నిమిషానికి మీరు కనిపించకపోతే ఫోన్ కోసం చూడకుండా కారు అదే రోడ్డు మీద వెనక్కి తిరగాలి. మీరు కూడా అడ్డదారి తొక్కకూడదు. ఈ ఒప్పందాన్ని కాగితం మీద రాసి డ్యాష్‌బోర్డుకు అంటించండి. ఘాట్ ఎక్కేచోట 8 నిమిషాలు 11 అవుతాయి, అక్కడి లెక్క విడిగా వేసుకోండి.

దోర్నాల–శ్రీశైలం మధ్య సుమారు 50 కిలోమీటర్లు. పులుల అభయారణ్యం కాబట్టి రాత్రిపూట రాకపోకలు ఆపేస్తారు. గేటు వేళలు, పరుగుకు అనుమతి గురించి అటవీ శాఖను ముందే అడగండి. ఆ ప్రాంతం మ్యాపును మీ ఫోన్‌లో, కారులోని ఫోన్‌లో ఆఫ్‌లైన్‌గా దించుకోండి. రెండు ఫోన్లలోనూ వేర్వేరు కంపెనీల సిమ్‌లు ఉంటే ఇంకా మంచిది.

ప్రశ్న: జీపీఎస్ వాచీ బ్యాటరీ మధ్యాహ్నానికే అయిపోతోంది. పొదుపు మోడ్ పెట్టొచ్చా?
– పటమట, విజయవాడ

జవాబు: ముందు మల్టీబ్యాండ్ (ఉపగ్రహ సిగ్నల్‌ను ఒకటికి మించిన ఫ్రీక్వెన్సీల్లో అందుకునే మోడ్) ఆపి మామూలు జీపీఎస్ పెట్టండి. నిత్యం వెలిగే స్క్రీన్, ఆక్సిజన్ కొలత, పాటలు కూడా ఆపేయండి. చాలావరకు దీంతోనే గట్టెక్కుతారు. నిమిషానికోసారి మాత్రమే స్థానం నమోదు చేసే మోడ్ మాత్రం వద్దు. తిన్నని రోడ్డు మీద తేడా తెలియదు గానీ, మలుపుల్లో ఒక బిందువు నుంచి ఇంకో బిందువుకు అడ్డంగా గీత గీసేస్తుంది కాబట్టి దూరం తక్కువ చూపిస్తుంది. మధ్యాహ్నం భోజనానికి ఆగినప్పుడు ఛార్జింగ్ పెట్టడం మేలు. కొన్ని వాచీలు కేబుల్ తగలగానే రికార్డింగ్ ఆపేస్తాయి, మీది ఏ రకమో ఇంటి దగ్గర పది నిమిషాలు నడిచి చూసుకోండి. పెట్టేముందు వెనకున్న పిన్నులను మంచినీళ్లతో కడిగి ఆరనివ్వండి. చెమటలోని ఉప్పు పేరుకుంటే తుప్పు పడతాయి.

ప్రశ్న: 10,000 ఎంఏహెచ్ పవర్‌బ్యాంక్‌తో 5,000 ఎంఏహెచ్ ఫోన్ రెండుసార్లు నిండాలి కదా, ఒకటిన్నరసార్లే నిండుతోంది. మోసమా?
– అరండల్‌పేట, గుంటూరు

జవాబు: మోసం కాదు. ఆ 10,000 లోపలి సెల్ 3.7 వోల్టుల దగ్గరి లెక్క, అంటే 37 వాట్ అవర్లు. దాన్ని 5 వోల్టులకు పెంచేటప్పుడు కొంత వేడిగా పోతుంది. వెనకవైపు చిన్న అక్షరాల్లో ‘రేటెడ్ కెపాసిటీ’ అని, 5 వోల్టుల దగ్గరి లెక్కగా, సాధారణంగా 6,000 చుట్టుపక్కల ఉంటుంది, నమ్మాల్సింది దాన్నే. పరుగుకు వెంట 10,000 ఒకటి, కారులో 20,000 ఒకటి చాలు. చాలా కార్లలో ఇంజిన్ ఆపితే 12 వోల్టుల సాకెట్ కూడా ఆగిపోతుంది. రన్నర్ కోసం చెట్టు కింద ఆగినంతసేపూ ఛార్జ్ అవుతోందనుకుని మోసపోవద్దు. ఎండలో అద్దాలు మూసిన కారులో పవర్‌బ్యాంక్ వదలొద్దు, లిథియం సెల్ ఉబ్బుతుంది.

ప్రశ్న: పరుగు మధ్యలో ఫోన్ ‘తేమ ఉంది’ అంటూ ఛార్జింగ్ తీసుకోవడం లేదు.
– సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: పోర్టులోకి చెమట దిగింది. పిన్నుతోనో దూదితోనో పొడవకండి. పోర్టు కిందకి ఉండేలా పట్టుకుని అరచేతి మీద మెల్లగా తట్టి, అరగంట గాలికి వదలండి. మర్నాటి నుంచి జిప్ కవర్లో పెట్టుకోండి. వైర్‌లెస్ ఛార్జింగ్ ఉంటే వెనకవైపు తుడిచి ఆ దారి వాడండి.