షుగర్ ఫ్రీ పట్టీలో ఏది ఉంచాలి, ఏది కొట్టేయాలి

చి. సౌ. సుధకు,

పెద్దమ్మ ఆశీస్సులు. మీ మామగారికి షుగర్ ఉన్నట్టు తేలాక నువ్వు రాసి పంపిన సరుకుల పట్టీ చదివాను. షుగర్ ఫ్రీ బిస్కెట్లు, షుగర్ ఫ్రీ జామూన్లు, డైట్ కోలా, తీపి మాత్రలు, బ్రౌన్ షుగర్, తేనె, తాటిబెల్లం. ఆయన మీద నీకున్న శ్రద్ధకు ముచ్చటేసింది. కానీ ఆసుపత్రిలో డైటీషియన్‌గా ఉన్నన్నాళ్లూ నేను చూసింది చెబుతాను. చక్కెర పూర్తిగా మానేశామని చెప్పే ఇళ్లలో కూడా రిపోర్టులు దిగివచ్చేవి కావు. విడమరచి అడిగితే అసలు సంగతి బయటపడేది: చక్కెర పోయిన చోట మైదా, కోవా, నెయ్యి చేరాయి. పైగా షుగర్ ఫ్రీ కదా అని రెండింతలు తినేవారు. అందుకే ఆ పట్టీలో సగానికి పైగా కొట్టేయమంటాను.

బ్రౌన్ షుగర్, తేనె, తాటిబెల్లం మూడూ ఇప్పుడే తీసెయ్యి. అవి చక్కెరకు బదులు వాడేవి కావు, చక్కెరలే. బెల్లంలో ఇనుము ఉంటుందని ఎవరైనా అంటే, ఒంటికి సరిపడా ఇనుము రావాలంటే ఎంత బెల్లం తినాలో వాళ్లనే అడుగు.

ఇక బిస్కెట్లు. మియాపూర్ సూపర్ మార్కెట్‌లో అర ముందు నిలబడినప్పుడు ప్యాకెట్ ముందు వైపు రాసింది పట్టించుకోకు, తిప్పి వెనక వైపు చదువు. మన ఆహార భద్రతా సంస్థ నిబంధన ప్రకారం 100 గ్రాముల్లో చక్కెరలు 0.5 గ్రాముకు మించకపోతే షుగర్ ఫ్రీ అని అచ్చు వేసుకోవచ్చు. ఆ హామీ చక్కెర వరకే, పిండికి వర్తించదు. పోషక విలువల పట్టికలో కార్బోహైడ్రేట్ అన్న వరుస మీద వేలు పెట్టి చూడు. బిస్కెట్లలో సాధారణంగా 100 గ్రాములకు 60, 70 గ్రాములు కనిపిస్తుంది. అందులో ఎక్కువ భాగం మైదాయే, అరిగాక అది గ్లూకోజ్ అయ్యే తీరుతుంది. నో యాడెడ్ షుగర్ అన్నది ఇంకో మాట. బయటి నుంచి చక్కెర కలపలేదని మాత్రమే దాని అర్థం. ఖర్జూరం గుజ్జుతో చేసిన లడ్డూ మీద కూడా ఆ మాట ఉండవచ్చు, ఖర్జూరంలోని చక్కెర మాత్రం ఎక్కడికీ పోదు.

తర్వాత పదార్థాల జాబితా. చిన్న అక్షరాల్లో కొన్ని అంకెలు ఉంటాయి: 950 ఎసిసల్ఫేమ్ పొటాషియం, 951 ఆస్పర్టేమ్, 954 శాక్రిన్, 955 సుక్రలోజ్, 960 స్టీవియా. ఇవన్నీ చిటికెడుకే విపరీతమైన తీపినిస్తాయి, రక్తంలో గ్లూకోజ్‌ను తామై పెంచవు. 420 సార్బిటాల్, 965 మాల్టిటాల్ వేరే జాతి. షుగర్ ఫ్రీ చాక్లెట్లలో ఎక్కువగా ఉండేవి ఇవే. మాల్టిటాల్‌లో గ్రాముకు సుమారు 2 కేలరీలు ఉంటాయి, రక్తంలో చక్కెరను కొంత పెంచుతుంది కూడా. నాలుగు ముక్కలు ఎక్కువ తింటే కడుపు ఉబ్బి విరేచనాలు పట్టుకుంటాయి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకాల్లో కూడా ఈ హెచ్చరిక ఉంది: షుగర్ ఫ్రీ అన్న వాటిలో కొవ్వు, పాలిష్ పట్టిన పిండి, మాల్టిటాల్ లాంటి దాగిన చక్కెరలు ఉండవచ్చని. 968 అంకె కనిపిస్తే అది ఎరిత్రిటాల్. రక్తంలో అది ఎక్కువగా ఉన్నవారిలో గుండెపోటు, పక్షవాతం ఎక్కువగా కనిపించాయని 2023లో అమెరికా పరిశోధకులు ప్రకటించారు. కారణం అదేనని రుజువు కాలేదు. అయినా మీ మామగారు స్టెంటు వేయించుకున్న మనిషి కాబట్టి, అది ఉన్న ప్యాకెట్ మన ఇంటికి వద్దు.

దసరాకు షుగర్ ఫ్రీ జామూన్లు, మైసూర్ పాక్ ఇంట్లోనే చేయవచ్చా అని అడిగావు. మిఠాయిలో చక్కెర ఇచ్చేది తీపి ఒక్కటే కాదమ్మా. పాకం పడుతున్నప్పుడు బొటనవేలు, చూపుడువేలు మధ్య తీసి చూస్తే సాగే ఆ తీగ సుక్రలోజ్‌తో రాదు. సుక్రలోజ్ చక్కెర కంటే సుమారు 600 రెట్లు తీపి. చెంచాడు చక్కెర తీపికి దాని పొడి 8 మిల్లీగ్రాములు చాలు. అంత రవ్వతో పాకం ఎక్కడ నిలుస్తుంది? మైసూర్ పాక్ గుల్లబారడం, లడ్డూలో బూందీ ఒకదానికొకటి పట్టుకోవడం, అరిసె నాలుగు రోజులైనా మెత్తగా ఉండటం, అన్నీ చక్కెర, బెల్లం పాకాల పనితనమే. ఆ లోటు పూడ్చడానికి దుకాణాల వాళ్లు మాల్టిటాల్, పాలపొడి, ఇంకొంచెం నెయ్యి దట్టిస్తారు. పొడి డబ్బా కొని నువ్వే పాయసంలో గరిటెలతో పోస్తే అదీ చిక్కే. దాన్ని గుండగా చేయడానికి కలిపేది సాధారణంగా మాల్టోడెక్స్‌ట్రిన్, అదీ గ్లూకోజ్‌ను పెంచేదే. ఇంకో జాగ్రత్త: ఆస్పర్టేమ్‌ను మరిగిస్తే తీపి పోతుంది. సుక్రలోజ్‌ను 120 డిగ్రీలు దాటి కాలిస్తే హానికరమైన క్లోరిన్ సమ్మేళనాలు ఏర్పడవచ్చని జర్మనీ సంస్థ ఒకటి 2019లో హెచ్చరించింది. నూనె మూకుడులో, ఓవెన్‌లో దీన్ని వాడకు.

పండుగ రోజు ఆయనకు అసలైన మైసూర్ పాక్‌లోంచే బొటనవేలంత ముక్క పెట్టు. భోజనం మధ్యలో, పప్పు, కూర దండిగా పెట్టి, అన్నం రెండు ముద్దలు తగ్గించి. ఖుబానీ కా మీఠా అంటే ఆయనకు ప్రాణం అన్నావు కదా, బేగంబజార్‌లో ఎండు ఖుబానీ తెచ్చి, రాత్రి నానబెట్టి, ఆ నీళ్లతోనే సన్నని సెగ మీద చక్కెర వేయకుండా ఉడికించు. గింజలు పగలగొట్టి లోపలి పప్పు పైన చల్లు. పండులో దాని చక్కెర దానికి ఉంది కనుక రెండు చెంచాలకు మించి వడ్డించకు. ఆయన తృప్తిగా తింటారు, నీకూ ఆయనకు ఏం పెట్టావో తెలుస్తుంది.

ఇన్ని కొట్టేయించాక మిగిలేవి తీపి మాత్రలు. వాటి చోటు టీ కప్పు. కప్పుకు రెండు చెంచాల చొప్పున రోజుకు నాలుగు టీలు తాగే మనిషి 40 గ్రాముల చక్కెర టీలోనే మింగుతున్నాడు. అక్కడ మాత్ర పనికొస్తుంది. ఒక మాత్ర సుమారు చెంచాడు చక్కెరంత తీపి. టీ వడగట్టి కప్పులో పోశాక వెయ్యి. మొదటి రెండు వారాలు రెండు మాత్రలు, తర్వాత ఒకటిన్నర, ఆ తర్వాత ఒకటి. నాలుక తీపి మరవడం నేర్చుకుంటుంది, కాకపోతే దానికి వ్యవధి ఇవ్వాలి. ఒక్కసారిగా చప్పటి టీ పెడితే ఆయన నడక పేరుతో వెళ్లి ఇరానీ హోటల్లో తాగి వస్తారు, ఉస్మానియా బిస్కెట్ కూడా నంజుకుంటారు.

మాత్రలతో క్యాన్సర్ వస్తుందని మీ అత్తగారు భయపడుతున్నారన్నావు. వదినగారికి ఇది చదివి వినిపించు. 2023 జూలైలో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం ఆస్పర్టేమ్‌ను క్యాన్సర్ కారకం కావచ్చు అన్న వర్గంలో చేర్చిన మాట నిజం. అప్పుడే మోతాదు తేల్చే నిపుణుల సంఘం పాత పరిమితినే ఉంచింది: శరీర బరువు కిలోకు రోజుకు 40 మిల్లీగ్రాములు. 70 కిలోల మనిషి అది దాటాలంటే డైట్ కోలా డబ్బాలు రోజుకు 9 నుంచి 14 తాగాలని వాళ్లే లెక్క చెప్పారు. నాలుగు టీలకు కలిపి ఆయన వేసుకునే ఎనిమిది మాత్రలు ఆ దరిదాపుల్లో కూడా లేవు. ఇంకా మనసు ఒప్పకపోతే సుక్రలోజ్ మాత్రలు కొనండి.

డైట్ కోలా మాత్రం అల్లుడు తన పొట్ట కోసం పట్టీలో చేర్పించాడని అర్థమైంది. బరువు తగ్గడానికి ఈ తీపి పదార్థాలు వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మేలో స్పష్టంగా చెప్పింది. ఆ సిఫారసు అప్పటికే షుగర్ ఉన్నవారికి వర్తించదు, అల్లుడికి వర్తిస్తుంది. పైగా సీసా ఫ్రిజ్‌లో ఉంటే పిల్లవాడు తాగకుండా ఆపలేవు. పిల్లలకు తగదని దాని మీదే రాసి ఉంటుంది. మజ్జిగ చెయ్యి, ఇంటిల్లిపాదీ తాగుతారు.

ఇప్పుడు చెప్పబోయేది అన్నిటికంటే ముఖ్యం. ఆయన మందుల్లో గ్లిమిపిరైడ్ ఉందని రాశావు. భోజనం ఆలస్యమైనా, నడక ఎక్కువైనా ఆ మందుతో గ్లూకోజ్ ఒక్కసారిగా పడిపోవచ్చు. చేతులు వణకడం, చెమటలు, గుండె దడ, మాట తడబడటం కనిపిస్తే వెంటనే గ్లూకోమీటర్‌తో చూడు. 70 కంటే తక్కువ ఉంటే మూడు చెంచాల మామూలు చక్కెర నీళ్లలో కలిపి తాగించు, 15 నిమిషాలకు మళ్లీ చూడు. ఆ సమయంలో తీపి మాత్రలు కానీ డైట్ కోలా కానీ ఎందుకూ కొరగావు. మీటర్ దగ్గర లేకపోతే ముందు చక్కెర నీళ్లే ఇవ్వు. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోను చెయ్యి. పొద్దున పార్కుకు వెళ్లేటప్పుడు ఆయన చొక్కా జేబులో చిన్న గ్లూకోజ్ పొడి ప్యాకెట్ పెట్టు, అది ఎప్పుడు, ఎందుకు వాడాలో ఆయనతో పాటు నడిచే స్నేహితులకు కూడా చెప్పి ఉంచు.

ఇట్లు,
మీ పెద్దమ్మ