డైవ్ చేసి అదే రోజు బెంగళూరు రావచ్చా?

ప్రశ్న: పాండిచ్చేరిలో ఆదివారం పొద్దున రెండు స్కూబా డైవ్‌లు చేసి, భోజనం కాగానే కారెక్కి రాత్రికి ఇల్లు చేరుతుంటాం. వెంటనే విమానం ఎక్కకూడదని తెలుసు. కారులో అయితే ఇబ్బంది లేదు కదండీ?
– మారతహళ్ళి, బెంగళూరు

జవాబు: ఉందండి. విమానమా, కారా అన్నది కాదు, చుట్టూ గాలి ఒత్తిడి ఎంత తగ్గిందన్నదే లెక్క. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. తీరంతో పోలిస్తే ఇక్కడ ఒత్తిడి దాదాపు పదో వంతు తక్కువ. నీటి అడుగున పీల్చిన గాలిలోని నైట్రోజన్ రక్తంలో, కండలో, కొవ్వులో కరిగి, పైకొచ్చాక గంటల తరబడి మెల్లగా బయటికి పోతుంది. అది పోకముందే ఎత్తుకు చేరితే గోలీసోడా కొట్టినట్టే, లోపల బుడగలు కడతాయి.

విమానాలకు చెప్పే గడువులు 600 మీటర్లు దాటిన ఎత్తుకూ వర్తిస్తాయి. ఒక్క డైవ్ అయితే కనీసం 12 గంటలు, అంతకు మించితే కనీసం 18. డీకంప్రెషన్ కోసం, అంటే ఆ నైట్రోజన్ కొంత పోనివ్వడానికి, పైకొచ్చేటప్పుడు మధ్యలో ఆగక తప్పని డైవ్ చేస్తే 24 గంటలు ఆగమంటాం. చివరి డైవ్ ముగించి పైకి తేలినప్పటి నుంచి లెక్కపెట్టండి. డైవ్‌లు శనివారానికి మార్చుకుంటే సరి: మధ్యాహ్నం 12కి పైకొస్తే ఆదివారం పొద్దున 6 దాటాక బయల్దేరవచ్చు.

ఈ గడువులు పాటించినా ప్రమాదం పూర్తిగా పోదు. దారిలో కీళ్లనొప్పి, తిమ్మిరి, తలతిరుగుడు, ఎన్నడూ లేనంత నీరసం కనిపిస్తే నొప్పి మాత్ర వేసుకుని సర్దుకోవద్దు, ఇంకా ఎత్తు ఎక్కొద్దు. 108కి ఫోన్ చేసి, డైవ్ చేశామని ముందే చెప్పి, ఆక్సిజన్ అడగండి.

ప్రశ్న: పైకి తేలాక తోటి డైవర్ బెదిరి మీద పడితే?
– వైట్‌ఫీల్డ్

జవాబు: మాస్క్ నుదుటి మీదికి నెట్టి, రెగ్యులేటర్ (నోట్లో పెట్టుకుని గాలి పీల్చే పరికరం) ఉమ్మేసి, చేతులతో నీళ్లు కొడుతున్నారంటే మాట చెవికెక్కని స్థితి. ఎదురుగా వెళ్లొద్దు. ముందు మీ బీసీడీలో (గాలి నింపితే తేల్చే జాకెట్‌లో) గాలి నింపుకోండి, రెగ్యులేటర్ నోట్లోనే ఉంచండి. దూరం నుంచే "గాలి నింపు, బరువులు వదిలెయ్" (మునగడానికి కట్టుకునే బరువులు) అని అరవండి. వినకపోతే వెనకనుంచి వెళ్లి సిలిండర్ వాల్వ్ పట్టుకుని, సిలిండర్‌ను మోకాళ్ల మధ్య బిగించి, వాళ్ల ఇన్‌ఫ్లేటర్ (సిలిండర్ గాలిని బీసీడీలోకి పంపే మీట) మీరే నొక్కండి. మిమ్మల్ని వాటేసుకుంటే మీ బీసీడీ గాలి తీసి కిందికి జారండి, తేలాలన్న ఆత్రంలో వాళ్లే వదిలేస్తారు.

సిలిండర్ ఖాళీ అయితే ఇన్‌ఫ్లేటర్ మీట నొక్కినా లాభం లేదు, నోటితో ఊదాలి. బెదిరినవాళ్లు ఆ పని చేయలేరు. అందుకే సిలిండర్‌లో 50 బార్ ఒత్తిడి గాలి మిగిలుండగానే పైన ఉండాలి.

ప్రశ్న: మాస్క్‌లోకి నీళ్లు కారుతున్నాయి. మీసం తీసెయ్యాలా?
– జయనగర్

జవాబు: అక్కర్లేదు. ముక్కు కింద మాస్క్ ఆనేచోట సన్నని గీత మేర కత్తిరిస్తే చాలు. పట్టీ మరీ బిగించకండి, అంచు ముడతపడి ఇంకా కారుతుంది.