బిల్ గేట్స్ నిజంగా ప్రోగ్రామరేనా, వట్టి వ్యాపారస్తుడా?

"డాస్ (పీసీని నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్) కొనుక్కున్నదే కదా, గేట్స్ రాసిందేముంది?" అని అడిగారు. డాస్ వరకు మీ మాట నిజమే. దాన్ని రాసింది సియాటిల్‌లో ఓ చిన్న కంపెనీలో పనిచేసిన టిమ్ ప్యాటర్సన్. 1981లో మైక్రోసాఫ్ట్ 50,000 డాలర్లిచ్చి పూర్తి హక్కులు తీసేసుకుంది.

కానీ అంతకు ఆరేళ్ల ముందు సంగతి చూడండి. 1975లో ఆల్టెయిర్ అనే చిన్న కంప్యూటర్ కోసం బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాషను రాసేటప్పుడు గేట్స్, అతని స్నేహితుడు పాల్ అలెన్‌ల దగ్గర అసలు ఆ మెషీనే లేదు. అలెన్ ఆల్టెయిర్‌లో ఉండే ఇంటెల్ 8080 చిప్ మాన్యువల్ ముందేసుకుని, హార్వర్డ్‌లోని పీడీపీ-10 అనే పెద్ద కంప్యూటర్ అచ్చం ఆ చిప్‌లా నడిచేటట్టు సిమ్యులేటర్ రాశాడు. దాని మీద గేట్స్ బేసిక్ రాశాడు. అంతా కలిపి 4 కేబీలో సర్దాలి. ఇవాళ వాట్సాప్‌లో వచ్చే గుడ్మార్నింగ్ ఫొటో కూడా అందులో పట్టదు. దశాంశాల లెక్కల భాగం మాత్రం మాంటీ డేవిడాఫ్ అనే ఇంకో కుర్రాడిది. అతన్ని ఎవరూ తలుచుకోరు.

నాకు మాత్రం ఆ పేరు గుర్తుండిపోయింది, ఎందుకంటే దశాంశాలు నన్ను ఏడిపించాయి. 2004లో విజయవాడలో మెడికల్ షాపులకు వీబీ (విజువల్ బేసిక్)లో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాశాను. పది మాత్రల స్ట్రిప్పులో ఒకటి అమ్మితే స్టాకులోంచి 0.1 తీసేసేవాణ్ణి. పదీ అమ్ముడయ్యాక సున్నా రావాలి కదా, రాదు. ఎక్కడో పదహారో స్థానంలో ఓ పిసరు మిగిలేది. షాపులో అల్మారా ఖాళీ, కంప్యూటర్లో మాత్రం మందు ఉన్నట్టే. ఆర్డర్ లిస్టులోకి వచ్చేదే కాదు. "నీ కంప్యూటరుకి కనపడే మాత్ర నాకు కనపడదేం బాబూ?" అనేవాడు ఓనరు. స్ట్రిప్పులు కాదు, మాత్రలు లెక్కపెట్టాలని తట్టడానికి వారం పట్టింది.

స్టీవ్ జాబ్స్‌ని ఈ లెక్కలో కలపకండి. యాపిల్-2 కంప్యూటర్ బోర్డూ, దాని మొదటి బేసిక్కూ జాబ్స్ భాగస్వామి స్టీవ్ వోజ్నియాక్ చేతిపని. అందులోనూ దశాంశాలు లేవు, అందుకే యాపిల్ 1977లో మైక్రోసాఫ్ట్ బేసిక్ తెచ్చుకుంది.

ఇక గేట్స్ వ్యాపారం. ఐబీఎంకి డాస్ ఇస్తూ, వేరే కంపెనీలకి అమ్ముకునే హక్కు తన దగ్గరే ఉంచుకున్నాడు. తర్వాత ఐబీఎం పీసీకి నకళ్లు తయారుచేసిన కంపెనీలన్నీ డాస్ కోసం అతని గుమ్మంలోకే వచ్చాయి. ఇది వ్యాపారి తెలివి అంటారు గానీ, నాకది ప్రోగ్రామర్ తెలివిలాగే అనిపిస్తుంది. ఒకసారి రాసిన కోడ్‌కి రెండో కాపీ ఖర్చు లేకుండా వస్తుందన్నది రాసినవాడికే బాగా తెలుసు.

తెలిస్తే సరిపోదనుకోండి. నాకూ తెలుసు. ఆ మాత్రల బగ్ పోయిన సంబరంలో ఉండగా ఓ డీలరు 40,000 రూపాయలిస్తానని వస్తే, సోర్స్ కోడ్‌తో సహా రాసిచ్చేశాను. ఏడాది తిరక్కుండా గుంటూరులో మా నాన్నకి బీపీ మాత్రలు కొన్నాను. బిల్లు కింద "ధన్యవాదములు, మళ్ళీ రండి" అని ఉంది. మందుల షాపు బిల్లు మీద మళ్ళీ రండి అని పెట్టిన తెలివైనవాణ్ణి నేనే.