వాడిన నీళ్లను మళ్లీ మొక్కలకు పెట్టే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ నర్సరీలో బెంచీల కింద కారిపోయే నీళ్లను తొట్టిలోకి పట్టి మళ్లీ మొక్కలకు ఎక్కించాలనుకుంటున్నావని చదివి సంతోషించాను. అయితే ఉత్తరంలో మొదటి ప్రశ్నే, అతినీలలోహిత వెలుగుతో తెగుళ్లను చంపే యూవీ యంత్రం గురించి వేశావు. యంత్రం చివరి మాట, అమ్మా. తిరిగొచ్చిన నీళ్లలో కోకోపిట్ (కొబ్బరి పొట్టు) ముక్కలు, నాచు లాంటి చెత్త ఉంటుంది. దాన్ని ఫిల్టరు పడుతుంది. తెగుళ్ల బీజాలుంటాయి, వాటిని మందో యంత్రమో చంపుతుంది. కరిగిన ఉప్పును మాత్రం ఈ రెండూ తీయలేవు. చెత్త తీయకుండా మందు వేస్తే మందు చెత్తకే ఖర్చయిపోతుంది. ఉప్పును లెక్కలో పెట్టుకోకపోతే తెగులు లేని నీళ్లే ఆకుల అంచులు మాడుస్తాయి.

ముందు కప్పు మీది వాననీళ్లను, నేల మీది నీళ్లను కలపకు. చదరపు మీటరు మీద 1 మి.మీ. వాన పడితే 1 లీటరు. 1,000 చదరపు మీటర్ల కప్పు మీద 25 మి.మీ. వానంటే 25,000 లీటర్లు. ఇందులో ఉప్పు దాదాపు ఉండదు. మిగతా నీటి ఉప్పును పలచన చేయడానికి నీకున్న మంచి సాధనం ఇదే కాబట్టి దీనికి మూతున్న వేరే ట్యాంకు కట్టించు. వాన మొదలైన కొద్దిసేపు కప్పు మీది దుమ్ము కొట్టుకొస్తుంది, ఆ నీళ్లు బయటికి పోయేలా చిన్న వాల్వు పెట్టించు.

నేల నుంచి వచ్చే నీళ్లు నేరుగా పంపు దగ్గరికి రాకూడదు. తొట్టిని అడ్డుగోడతో రెండు గదులు చెయ్యి. మొదటి గదిలో బరువైనవి అడుగుకు చేరతాయి, పెర్లైటు (కుండీల్లో కలిపే తేలికైన తెల్ల గుళికలు) లాంటివి తేలి ఆగుతాయి. పంపు పీల్చే గొట్టం రెండో గదిలో, నీళ్లు వచ్చి పడే చోటికి దూరంగా ఉండాలి. గొట్టం మూతిని తేలే డబ్బాకు కట్టి నీటిమట్టానికి 30 నుంచి 50 సెంటీమీటర్ల కింద వేలాడదియ్యి. పైన నాచు ఉంటుంది, అడుగు బురదలో వేరుకుళ్లు తెగులు బీజాలు కూర్చుని ఉంటాయి. పంపు ఈ రెంటినీ ముట్టకూడదు. తొట్టి మీద ఎండ పడకపోతే నాచు బెడద చాలా తగ్గుతుంది. ఎరువు నీళ్లలోని నైట్రేటూ ఫాస్ఫేటే నాచుకూ మేత.

తర్వాత ఇసుక ఫిల్టరు, దాని వెనక 120 మెష్ డిస్క్ ఫిల్టరు. అంటే 130 మైక్రాన్ల (0.13 మి.మీ.) కంటే పెద్దవి ఆగుతాయి. ఉట్టి జాలి ఫిల్టరు నాచుకు గంటల్లో మూసుకుపోతుంది, దాని మీద ఆధారపడకు. ఫిల్టరుకు ముందొకటి, వెనకొకటి ప్రెషర్ గేజులు బిగించు. శుభ్రంగా ఉన్నప్పుడు రెంటి మధ్య తేడా ఎంతో గోడ మీద రాసిపెట్టు. అది ఇంకో 0.3 నుంచి 0.5 బార్ పెరిగితే కడగాలి. కడిగిన మురికినీళ్లు మళ్లీ తొట్టిలోకే పోయేలా గొట్టం వేసే మేస్త్రీలుంటారు, ఆ పని చేయనివ్వకు. పట్టుకున్న తెగులునంతా తిరిగి తొట్టిలో పోసినట్టే.

ఇక తెగుళ్లు. వేరుకుళ్లు తెచ్చే పిథియం, ఫైటోఫ్తోరా బీజాలకు తోకలుంటాయి, నీళ్లలో ఈదుతాయి. ఒక కుండీలో మొదలైన వేరుకుళ్లు, తిరిగే నీటితో నర్సరీ అంతా పాకేది అందుకే. వీటికి క్లోరిన్ బాగా పనిచేస్తుంది, కానీ దాన్ని వేసే తీరు తెలియాలి.

క్లోరిన్ బలం పీహెచ్ (నీటి పులుపు కొలత, అంకె తగ్గితే పులుపు ఎక్కువ) మీద ఆధారపడుతుంది. పీహెచ్ 6.5 దగ్గర వేసిన క్లోరిన్‌లో సుమారు 90 శాతం చంపే రూపంలో ఉంటుంది. 7.5 దగ్గర సగం, 8.5 దగ్గర పదో వంతే. కాబట్టి ముందు యాసిడ్‌తో పీహెచ్‌ను 6 నుంచి 6.5 మధ్యకు దించు, ఆ తర్వాత క్లోరిన్ కలుపు. ఈ రెండూ వేరువేరు చోట్ల, వేరువేరు గొట్టాల్లో నీటిలోకి వెళ్లాలి. చిక్కటి యాసిడ్, చిక్కటి హైపోక్లోరైటు (క్లోరిన్ కోసం నీళ్లలో పోసే ద్రవం) ఒకే డబ్బాలో కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. అది ఊపిరితిత్తుల్ని కాల్చి ప్రాణం తీయగలదు. రెండు డబ్బాలూ పక్కపక్కన కూడా పెట్టనివ్వకు, పనివాళ్లందరికీ నోటితో చెప్పు, గోడ మీద రాయించు.

ఎరువు ఎప్పుడూ క్లోరిన్ తర్వాతే. అమోనియం ఉన్న నీటిలో క్లోరిన్ పోస్తే క్లోరమైన్‌గా మారి మందగిస్తుంది. తిరిగొచ్చే నీళ్లలో మిగిలిపోయిన అమోనియం కూడా ఇదే పని చేస్తుంది, అందుకే పరీక్షలో మొత్తం క్లోరిన్ కాదు, ఫ్రీ క్లోరిన్ (ఇంకా దేనితోనూ కలవకుండా మిగిలింది) ఎంతో చూడాలి. నీటికి వచ్చే రంగును బట్టి కొలిచే డీపీడీ కిట్టు అది చెబుతుంది.

మోతాదు లెక్క ఇలా. 10 శాతం సోడియం హైపోక్లోరైటు 20 మి.లీ. పోస్తే 1,000 లీటర్లలో 2 పీపీఎం (లీటరుకు 2 మిల్లీగ్రాములు) అవుతుంది. ఇది కాగితం మీది లెక్క. నీటిలోని చెత్త ఎంత తింటుందో తెలియాలంటే బకెట్లతో చూడు. 10 మి.లీ. హైపోక్లోరైటులో మంచినీళ్లు పోసి లీటరు చెయ్యి. అయిదు బకెట్లలో ఫిల్టరయిన నీళ్లు పదేసి లీటర్లు పట్టి, ఆ ద్రావణాన్ని వరసగా 20, 40, 60, 80, 100 మి.లీ. కలుపు. ప్రతి 20 మి.లీ.కీ 2 పీపీఎం పెరుగుతుంది. అరగంట ఆగి ఫ్రీ క్లోరిన్ కొలువు. ఏ బకెట్‌లో 2 మిగిలిందో అదే నీ మోతాదు. అయిదింటిలోనూ సున్నా వస్తే ఇంకా పోయకు. వెనక్కి వెళ్లి ఫిల్టరు చూసుకో. వాన తర్వాత, కొత్త కోకోపిట్ వాడిన తర్వాత ఈ పరీక్ష మళ్లీ చెయ్యాలి, నీళ్లు మారిపోయి ఉంటాయి కాబట్టి.

మందు కలిసిన నీళ్లు వెంటనే డ్రిప్పులోకి పోకుండా 20 నుంచి 30 నిమిషాలు ఆగే చిన్న ట్యాంకు ఒకటి మధ్యలో ఉండాలి. కొలత మాత్రం అన్నిటికంటే దూరంగా ఉన్న డ్రిప్పర్ దగ్గర తీసుకో. పంపు దగ్గర 2 ఉండి చివర సున్నా ఉంటే గొట్టాల లోపలి జిగురు క్లోరిన్‌ను తినేస్తోందన్నమాట. చివరి మూతలు విప్పి గొట్టాలు కడుగు. చివర 2.5 దాటినా మంచిది కాదు, లేత వేళ్లకు దెబ్బ. హైపోక్లోరైటు వేడికీ వెలుతురుకూ బలం కోల్పోతుంది. చవకని పెద్ద డ్రమ్ము కొనకు, కొద్దికొద్దిగా తెచ్చి నీడలో పెట్టుకో.

క్లోరిన్‌కు అన్నీ లొంగవు. ఫ్యుజేరియం అనే శిలీంధ్రం మందపాటి గోడల బీజాలు, కుళ్లిన వేరు ముక్కల లోపల దాగినవి బతికిపోతాయి. ఫిల్టరు మీద అంత పట్టు పట్టేది ఇందుకే.

నీ యూవీ ప్రశ్నకు వస్తాను. శిలీంధ్రాలకూ బాక్టీరియాకూ చదరపు సెంటీమీటరుకు 100 మిల్లీజౌళ్లు, వైరస్‌లకు 250 దాకా కావాలి. ఆ వెలుగు నీటిలోకి దూరితేనే ఈ అంకెలకు అర్థం. కోకోపిట్ నుంచి దిగే టీ రంగు, ఇనుము వెలుగును మింగేస్తాయి. నీళ్లు పట్టుకెళ్లి 254 నానోమీటర్ల వెలుగు ఎంత శాతం దాటుతోందో పరీక్ష చేయించనిదే యంత్రం కొనకు. పైగా యూవీ ఇనుము చీలేటును (ఇనుమును మొక్కకు అందేలా కరిగించి ఉంచే ఎరువును) విడగొడుతుంది. ఇనుమును యంత్రం తర్వాత కలపకపోతే లేత ఆకులు పసుపెక్కుతాయి. దీపం దాటాక నీళ్లలో కాపలా ఏమీ మిగలదు కనుక గొట్టాల జిగురు సంగతి విడిగా చూసుకోవాలి.

నీ అంత నర్సరీకి నేనైతే నెమ్మది ఇసుక వడపోతనే ముందు పెడతాను. 0.15 నుంచి 0.35 మి.మీ. కడిగిన ఇసుక మీటరు ఎత్తు, దాని మీద ఎప్పుడూ నిలిచి ఉండే నీళ్లు. చదరపు మీటరుకు గంటకు 100 లీటర్లు దాటనివ్వకు. రోజంతా నడిస్తే చదరపు మీటరుకు 2,400 లీటర్లు, అంటే రోజుకు 10,000 లీటర్లకు నాలుగుంపావు చదరపు మీటర్లు చాలు. ఇసుక పైన పెరిగే సూక్ష్మజీవుల పొరే ఇక్కడ అసలు పనిచేసేది. అది తయారవడానికి కొన్ని వారాలు పడుతుంది. ఆ పొరకు క్లోరిన్ ఎప్పుడూ తగలకూడదు, ఇసుక ఎండకూడదు. ధార సన్నగిల్లితే పైన 1, 2 సెంటీమీటర్లు గీకెయ్యి. పిథియం, ఫైటోఫ్తోరాల మీద ఇది చాలా గట్టిది. ఫ్యుజేరియం, వైరస్‌ల మీద అంత కాదు.

ఉప్పు విషయంలో చాలామంది మోసపోయేది ఈసీ మీటరు దగ్గర. అది కరిగిన లవణాలన్నిటినీ కలిపి కొలుస్తుంది, ఏది ఎంతో చెప్పదు. సోడియం, క్లోరైడులను మొక్క పెద్దగా తీసుకోదు కాబట్టి నీళ్లు తిరిగిన కొద్దీ అవి పోగవుతాయి. ఈసీ పెరిగింది కదా అని ఎరువు తగ్గిస్తే, పెరిగింది సోడియమైతే మొక్క పస్తులుంటుంది. నెలకోసారి ల్యాబులో సోడియం, క్లోరైడు విడిగా చూపించు. పెరుగుతుంటే వాననీళ్లు కలుపు, లేదా కొంత తీసేసి ఉప్పు తట్టుకునే చెట్లకు పెట్టు. వాగులోకి వదలకు, అందులో నైట్రేటుంది.

మొక్కల ఎత్తు తగ్గించే పాక్లోబ్యూట్రజోల్ పోసిన రోజు, గడ్డిమందు కొట్టిన తర్వాత మొదటి తడి రోజు, ఆ నీళ్లు తొట్టిలోకి రానివ్వకు. పాక్లోబ్యూట్రజోల్ అతి కొద్ది మోతాదులోనే మొక్కల్ని గిడసబారుస్తుంది, క్లోరిన్‌తోనూ ఇసుకతోనూ పోతుందనుకోకు. అనుమానమొస్తే రెండు ట్రేలలో దోస గింజలు వేసి, ఒకదానికి తొట్టినీళ్లు, ఇంకోదానికి వాననీళ్లు పెట్టి రెండు వారాలు పోల్చు.

నారు ట్రేలకు, వేళ్లు పట్టే కటింగ్స్‌కు, మిస్టుకు (సన్నటి తుంపరకు) తిరిగొచ్చిన నీళ్లు వద్దేవద్దు. గట్టిపడ్డ కుండీ మొక్కల ఒక్క వరసతో మొదలుపెట్టు. ఈ గొట్టాలకు వేరే రంగు వేయించు, తాగే కుళాయిల లైనుతో ఎక్కడా కలవనివ్వకు, బోరు లైను మీద నీళ్లు వెనక్కి రాకుండా నాన్-రిటర్న్ వాల్వు పెట్టించు.

తొట్టి తవ్వించే ముందు బోరునీటి పరీక్ష కాగితం పంపు. అందులో సోడియం, క్లోరైడు, బైకార్బొనేటు, ఇనుము చూస్తే ఎంత వాననీరు దాచుకోవాలో, యాసిడ్ ఎంత పడుతుందో రాస్తాను.

ఇట్లు,
మీ బాబాయి