పాత బోటు డీజిల్ ట్యాంకు బాగు చేయించడం, నీళ్ల మీద ఎర్త్ ఎక్కడ ఇవ్వాలనేది: మా బావ బోటు అనుభవం

మీరు అడిగినవి రెండు. పాత బోటులో ఇనుప డీజిల్ ట్యాంకు తుప్పు పట్టి ఫిల్టర్ మాటిమాటికీ మూసుకుపోతోంది, లోపల పెయింట్ వేయిస్తే సరిపోతుందా అని ఒకటి. ట్యాంకుకి ఎర్త్ ఇవ్వమంటున్నారు గానీ నీళ్ల మీదుండే బోటుకి ఎర్త్ ఎక్కడిస్తారు అని రెండోది. నేను తిరుపతిలో బండ్ల వైరింగ్ పని చేస్తాను. తడ దగ్గర పులికాట్‌లో వేటకి పోయే మా బావ ఫైబర్ బోటుకి రెండేళ్ల కింద ఇదే పని దగ్గరుండి చేయించాను కాబట్టి చెబుతున్నా.

లోపల పెయింట్ వద్దు. డీజిల్‌లో నాని నాని అది పొరలుగా లేచిందంటే ఆ ముక్కలే మళ్లీ ఫిల్టర్‌లోకి వస్తాయి. ముందు ట్యాంకుని బోటులోంచి బయటికి తీయండి, ఉన్నచోటే పైనుంచి చూసి బాగుందని అనుకోవద్దు. మా బావది 60 లీటర్ల ట్యాంకు, పైనా పక్కలా రంగు కూడా పోలేదు, అడుగున మాత్రం కదలకుండా ఉంటుందని ఎప్పుడో గోనెసంచి మడిచి పెట్టారు, అది ఏళ్ల తరబడి ఉప్పునీళ్లు పీల్చుకుని రేకుకి అతుక్కుపోయింది. లాగితే సంచితో పాటు తుప్పు పెచ్చులు పెచ్చులుగా ఊడి వచ్చింది. ఒక మూల స్క్రూడ్రైవర్ మొన ఆనించి నొక్కితే లోపలికి దిగిపోయింది. మీరూ అలాగే పొడిచి చూడండి, దిగితే ఆ రేకు మీద అతుకులు వేయడం దండగ, అడుగు మొత్తం మార్చాల్సిందే.

లోపల గ్లాసుడు నీళ్లు, ఆ నీళ్లకీ డీజిల్‌కీ మధ్య నల్లటి జిగురు కనిపించాయి. సగం ఖాళీగా ఉన్న ట్యాంకు రాత్రి చల్లబడితే గాలిలో తేమ నీరై అడుక్కి చేరుతుంది, ఆ నీళ్లలో సూక్ష్మజీవులు పెరిగితే వచ్చేదే ఆ జిగురు. మీ ఫిల్టర్‌ని మూసేస్తున్నదీ అదే కావచ్చు. వేట నుంచి రాగానే ట్యాంకు నింపి ఉంచడం అలవాటు చేసుకుంటే నీళ్లు చేరడం చాలా తగ్గుతుంది.

వెల్డింగ్ దగ్గర మాత్రం తొందరపడొద్దు, దండం పెట్టి చెబుతున్నా. నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకే ప్రమాదం, పేలేది లోపల మిగిలిన ఆవిరి, డీజిల్ అయినా అంతే. మేం వెళ్లిన వెల్డర్ పెద్దాయన దాన్ని ముట్టుకోకుండానే "సబ్బునీళ్లతో బాగా కడుక్కోని రాండి, అప్పుడు చూస్తా" అని వెనక్కి పంపేశాడు. తర్వాత కూడా నేరుగా మంట పెట్టలేదు. ట్యాంకుని బోర్లించి, గొట్టాలకి బిరడాలు బిగించి, ఆ తుప్పు చిల్లునే కాస్త పెద్దది చేసి అందులోంచి అంచుదాకా నీళ్లు నింపి, గ్రైండర్ జోలికి పోకుండా హ్యాక్సా బ్లేడుతో అడుగు కోసి తీశాడు. అలా తెరుచుకున్నాక వైర్ బ్రష్‌తో మూలమూలా గీకి, కడిగి ఆరబెట్టి, 3 మిల్లీమీటర్ల కొత్త రేకు వేశాడు. జీఐ (జింకు పూత పూసిన) రేకు వేస్తే తుప్పు పట్టదు కదా అని మా బావ అడిగాడు గానీ, జింకు డీజిల్‌కి పడదు, ఇంజెక్టర్లు పాడవుతాయి.

తర్వాత గాలి పరీక్ష. బైక్ టైరులో 28 పెడతాం కదా, ఇక్కడ గాలి ఒత్తిడి 3 పీఎస్ఐ చాలు, అంతకు మించితే పలక రేకు ఉబ్బుతుంది. చేతి పంపుతో కొట్టి, అతుకుల మీద సబ్బు నురగ రాసి, ఐదు నిమిషాలు ప్రెషర్ మీటర్ ముల్లు కదలకుండా ఉందా చూడండి. బయట ఎపాక్సీ ప్రైమరు, దాని మీద ఎపాక్సీ పెయింటు. కింద గోనె, స్పాంజి లాంటివి వద్దే వద్దు, నీళ్లు పీల్చని ప్లాస్టిక్ పట్టీలు రెండు పెట్టి మధ్యలో గాలి ఆడనివ్వండి.

ఇక ఎర్త్. ఇంటికి లాగా నేలలో రాడ్డు పాతే పని ఉండదు. ఇంధనం గొట్టంలో వేగంగా పోయేటప్పుడు రాపిడికి స్టాటిక్ కరెంటు పుడుతుంది. డెక్ (బోటు పైతట్టు) మీద ఇంధనం పోసే ఇనుప మూతికీ కింద ట్యాంకుకీ మధ్య ఉన్నది రబ్బరు గొట్టమే కాబట్టి అది పోవడానికి దారి లేక పేరుకుని, చివరికి నింపే నాజిల్ దగ్గర, అంటే సరిగ్గా ఆవిరి ఉండే చోటే, నిప్పురవ్వగా దూకుతుంది. అందుకని మూతి నుంచి ట్యాంకుకి ఒక వైరు, ట్యాంకు నుంచి ఇంజిన్ మీద బ్యాటరీ నెగెటివ్ కలిసే బోల్టుకి ఇంకో వైరు ఇవ్వాలి. ఇంజిన్‌కి షాఫ్ట్, షాఫ్ట్‌కి ప్రొపెల్లర్, అది నీళ్లలో ఉంటుంది. మీ ఎర్త్ అదే.

డీజిల్‌కి ఇదంతా ఎందుకు అనొచ్చు. అమెరికాలో మూతికీ ట్యాంకుకీ ఎర్త్‌తో రెసిస్టెన్స్ (కరెంటుకి అడ్డు) 100 ఓమ్స్ లోపే ఉండాలన్న రూలు పెట్రోల్ బోట్లకే ఉంది, నిజమే. కానీ మన బంకు డీజిల్‌కి ఫ్లాష్ పాయింట్ (ఆవిరి నిప్పురవ్వకి అంటుకునేంత వేడి) కనీసం 35 డిగ్రీలు ఉంటే చాలని మన ప్రమాణం. మే నెలలో మన దగ్గర ఎండ 40 దాటుతుంది, మూసి ఉన్న డెక్ కింద ఇంకా ఎక్కువ. నేనైతే ఇవ్వకుండా వదలను.

8 ఎస్‌క్యూఎంఎం (చదరపు మిల్లీమీటర్ల) మల్టీస్ట్రాండ్ వైరు, కొసకి లగ్గు (బోల్టుకి తగిలించే కన్నమున్న ముక్క) క్రింప్ చేసి, అంటే నొక్కి బిగించి, ట్యాంకుకి వెల్డ్ చేయించిన చిన్న పట్టీకి బోల్టుతో బిగించాం. గొట్టం క్లాంపు కింద వైరు నొక్కి పెట్టొద్దు, అక్కడ కారుతుంది. మొదటిసారి మీటర్ పెడితే అసలు కంటిన్యుటీ (కరెంటు పోయే దారి) రాలేదు, చూస్తే లగ్గు కింద నేను కొత్త పెయింట్ గీకలేదు. మెరిసేదాకా గీకి, స్టార్ వాషర్ వేసి బిగిస్తే 1 ఓమ్ లోపు వచ్చింది, అప్పుడు పైన గ్రీజు పూశాను. డీజిల్ గేజికి, లైట్లకి నెగెటివ్ వేరుగా లాగండి, ట్యాంకు రేకులోంచి కరెంటు నడవకూడదు. ట్యాంకు అల్యూమినియందైతే రాగి లగ్గు నేరుగా ఆనించొద్దు, మధ్యలో స్టెయిన్‌లెస్ వాషర్ వేయండి, లేకపోతే ఉప్పుగాలికి ఆ చోటే తినేస్తుంది.

ఇంకొకటి, క్యాన్‌తో పోసేవాళ్లయితే ప్లాస్టిక్ గరాటు మానేసి రేకు గరాటు మూతికి ఆనించి పోయండి. బంకులో కూడా క్యాన్ ఆటోలోనో బోటులోనో ఉంచి పట్టించొద్దు, కింద నేల మీద పెట్టి నింపించండి.