జీతమిచ్చేవాళ్లు వార్త రాయొచ్చా?

ప్రశ్న: విదేశీ శ్రోతల కోసం పెట్టిన వాయిస్ ఆఫ్ అమెరికా రేడియో అమెరికా ప్రభుత్వ డబ్బుతో నడుస్తుంది కదా. జీతాలిచ్చే ప్రభుత్వం తన మాటే చెప్పమంటే తప్పేమిటి? దాన్ని సంస్కరించాలని ఏళ్ల తరబడి అంటున్నారు, అసలు ఏం మార్చాలి?
– ఒక జర్నలిజం విద్యార్థిని

జవాబు: మీరడిగిందే 2001 సెప్టెంబరులో అమెరికా విదేశాంగ శాఖ కూడా అడిగిందమ్మా. న్యూయార్క్ దాడులు జరిగి పట్టుమని రెండు వారాలు కాలేదు. వాయిస్ ఆఫ్ అమెరికా పష్తో విభాగం వాళ్లు తాలిబన్ల నాయకుడు ముల్లా ఒమర్‌ను ఇంటర్వ్యూ చేశారు. పన్నులు కట్టేవాళ్ల డబ్బుతో ఆయన గొంతు వినిపిస్తారా అని విదేశాంగ శాఖ అడ్డుపడింది. కథనం ఆగిపోయింది. న్యూస్‌రూమ్ సిబ్బంది ఊరుకోలేదు, గొడవ పెట్టుకున్నారు. చివరికి 25వ తేదీన ఒమర్ మాటల్లో కొన్నింటిని ఇతరుల వ్యాఖ్యలతో కలిపి ప్రసారం చేశారు.

నన్నడిగితే సిబ్బంది చేసిందే సరైన పని. ఒమర్ ఏమన్నాడో కాబూల్‌లో ఉన్నవాడికి ఎలాగూ తెలుస్తుంది. ఈ రేడియో దాన్ని దాచిపెట్టిందనీ తెలుస్తుంది. ఆ తర్వాత ఇది ఎంత నిజం చెప్పినా వాడు చెవినపెట్టడు. నమ్మేవాడు లేని రేడియో మీద ఖర్చు దండగే కదా.

అలాగని ప్రభుత్వం నోరు మూసుకోవాలని కాదు. 1976లో అధ్యక్షుడు ఫోర్డ్ సంతకంతో చట్టమైన చార్టర్ (ఈ రేడియో నియమావళి) ప్రకారం వార్తలు కచ్చితంగా, నిష్పాక్షికంగా, సమగ్రంగా ఉండాలి. అమెరికా సమాజాన్ని ఏదో ఒక వర్గంగా కాక మొత్తంగా చూపాలి. ప్రభుత్వ విధానాలను కూడా స్పష్టంగా చెప్పాలి, వాటి మీద జరిగే చర్చతో సహా. ఇది ప్రభుత్వ అభిప్రాయం అని ముందే చెప్పి, వార్తలతో కలపకుండా సంపాదకీయాలు వేసేవాళ్లు. నాకు అందులో అభ్యంతరం కనిపించదు.

ఇక మార్పుల సంగతి. వాషింగ్టన్‌లో సంస్కరణ అనగానే ముందు సంస్థ బోర్డు, పేరు మారుస్తారు. 1999లో యూఎస్ఐఏ అనే ప్రచార సంస్థను ఎత్తేసి సాంస్కృతిక కార్యక్రమాలను విదేశాంగ శాఖకు ఇచ్చారు, రేడియోలను విడిగా ఒక బోర్డు కింద పెట్టారు. రాయబారి పని వేరు, విలేకరి పని వేరు కాబట్టి ఆ విభజన మంచిదే. చిక్కల్లా ఆ బోర్డుతోనే. పార్ట్‌టైమ్ సభ్యులు, భర్తీ కాని ఖాళీలు. అది దాదాపు పనిచేయని స్థితికి వచ్చిందని 2013 జనవరిలో హిల్లరీ క్లింటన్ కాంగ్రెస్ కమిటీ ముందే అనేశారు. దాంతో 2016 డిసెంబరులో చట్టం మార్చి, బోర్డు అధికారాలన్నీ అధ్యక్షుడు నియమించే ఒక్క సీఈఓ చేతిలో పెట్టారు. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టు!

ఫలితం 2020లో కనిపించింది. జూన్‌లో సీఈఓగా వచ్చిన మైకేల్ ప్యాక్ ఆ నెలలోనే రేడియో ఫ్రీ ఏషియా వంటి సోదర సంస్థల అధిపతులను తీసేశారు. న్యూస్‌రూమ్‌లో జోక్యాన్ని అడ్డుకునే నిబంధనను అక్టోబరులో రద్దు చేశారు. నవంబరులో కోర్టు కలగజేసుకోవాల్సి వచ్చింది. అప్పుడు కాంగ్రెస్ ఒక తాళం వేసింది: వాయిస్ ఆఫ్ అమెరికా డైరెక్టర్‌ను పెట్టాలన్నా తీయాలన్నా సీఈఓకు సలహాలిచ్చే బోర్డులో మెజారిటీ ఓటు ఉండాలి. 2025 జనవరిలో ట్రంప్ ఆ బోర్డు సభ్యులనే తొలగించారు. సంస్థను వీలైనంత కుదించమని మార్చి 14న ఆయన ఉత్తర్వు వచ్చింది, మర్నాడే సుమారు 1,300 మంది సిబ్బందిని సెలవు మీద పంపారు. బోర్డు ఓటు లేకుండా డైరెక్టర్‌ను తీయడం చెల్లదని ఆగస్టులో జడ్జి లాంబర్త్ తీర్పిచ్చారు. ఓటెయ్యడానికి బోర్డంటూ ఉంటే కదా!

అందుకే నేనైతే బోర్డు సభ్యుల దగ్గర మొదలుపెడతాను. ఒక్కొక్కరి పదవీకాలం ఒక్కోసారి ముగిసేలా, తగిన కారణం లేకుండా ఎవరినీ తీసేయలేకుండా చట్టంలోనే రాయాలి. మూసేయమనే వాళ్ల మాటలో కూడా కొంత నిజం లేకపోలేదు. మాండరిన్, టిబెటన్, బర్మీస్ భాషల్లో వాయిస్ ఆఫ్ అమెరికా, రేడియో ఫ్రీ ఏషియా రెండూ ప్రసారాలు చేసేవి. స్థానిక వార్తలు ఒకరివి, అమెరికా కబుర్లు ఇంకొకరివి అని సమర్థించుకునేవాళ్లు. కొన్నిచోట్ల కలిపేయొచ్చు, తప్పులేదు.

ప్రశ్న: అందరి చేతిలో ఫోన్ ఉన్న రోజుల్లో దూరదేశాలకు వినిపించే షార్ట్‌వేవ్ రేడియో ఎందుకండీ?
– ఒక పాఠకుడు

జవాబు: షార్ట్‌వేవ్ గరగరలో వార్తలు విని పెరిగినవాణ్ని, నాకు కొంచెం పక్షపాతం ఉందనుకోండి. ఫోన్‌కి వచ్చే వార్తను ప్రభుత్వం ఒక్క ఆదేశంతో ఆపగలదు, ఎవరు చదివారో కూడా కనిపెట్టగలదు. రేడియో ఎవరు వింటున్నారో పట్టుకోవడం చాలా కష్టం. అదే తరంగం మీద రొద పెట్టి జామింగ్ చేయొచ్చు, సోవియట్ వాళ్లు ఏళ్ల తరబడి చేశారు కూడా, కానీ దానికి బోలెడు ట్రాన్స్‌మిటర్లు, కరెంటు కావాలి. 2022 మార్చిలో రష్యా బీబీసీ వెబ్‌సైటును అడ్డుకుంది. ఆ రోజుల్లోనే బీబీసీ ఉక్రెయిన్‌కూ రష్యాలో కొన్ని ప్రాంతాలకూ వినిపించేలా రోజుకు నాలుగు గంటల ఇంగ్లిష్ ప్రసారాలను షార్ట్‌వేవ్‌లో మొదలుపెట్టింది.